పదహారు తర్వాత పద్దెనిమిది

షరతు పెట్టకుండా షరతులగారు ఏ పనికైనా సరేనన్నట్టు ఆ వీధిలో దాఖలా లేదు. ఆయనకి అసలు పేరొకటి ఉంది. గేటు పక్కన పలక మీద చెక్కించారు కూడా. కానీ ఆ పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగితే ఎదురింటి దర్జీయే తెల్లమొహం వేస్తాడు. "షరతులగారిల్లు" అంటే మాత్రం కుట్టుమిషను ఆపి, లేచొచ్చి, గేటు దాకా దిగబెడతాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఆస్పత్రుల్లో, విద్యుత్ కేంద్రాల్లో వాడగా మిగిలిన రేడియోధార్మిక వ్యర్థాలని ఎక్కడ దాచాలి, ఎలా దాచాలి అని లైసెన్సులు రాసే ప్రభుత్వ కార్యాలయంలో ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశారు. ఆ లైసెన్సుల్లో "అనుమతి ఇవ్వడమైనది" అనే మాట ఒక్క వాక్యం. మిగతా ముప్పై పేజీలూ షరతులే. అందరూ ఉద్యోగాన్ని సాయంత్రం ఐదింటికి ఆఫీసులో వదిలేసి వస్తారు. ఈయన కాగితాల సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవారు.

ఒకసారి చినుకులు మొదలయ్యాయని దర్జీ గొడుగు అడగడానికి వచ్చాడు. షరతులగారు అతన్ని కూర్చోబెట్టి, కాగితం తీసి, నంబర్లు వేసి రాయడం మొదలుపెట్టారు. ఒకటి, గొడుగుని వానలో మాత్రమే తెరవాలి. రెండు, మరొకరికి అరువివ్వరాదు. మూడు, వాన కురుస్తుండగా తిరిగి తీసుకురారాదు.

"వాన కురుస్తుండగా తేకపోతే ఇంకెప్పుడు తేవాలండీ?" అన్నాడు దర్జీ.

"వెలిశాక."

"ఈలోపల మీకే అవసరమైతే?"

"మూడో షరతు మళ్ళీ చదవండి."

దర్జీ మళ్ళీ చదివాడు. చదివి సంతకం పెట్టేసరికి చినుకులు ఆగిపోయాయి. గొడుగక్కర్లేకుండానే ఇంటికి వెళ్ళాడు గానీ, ఆ కాగితం మాత్రం చాలా రోజులు కొట్లో గోడకి అంటించుకుని, వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించేవాడు.

నిచ్చెనకి తొమ్మిది షరతులుండేవి. "కింద పట్టుకునే మనిషి లేనిచో సొంతదారుని పిలవవలెను" అన్నది అందులో అయిదోది. అంచేత సున్నం వేసేవాడు పైకెక్కినప్పుడల్లా షరతులగారు కింద నిచ్చెన పట్టుకుని నిలబడేవారు, నెత్తి మీద సున్నం చుక్కలు పడుతున్నా సరే. అరువు తెచ్చుకున్న వస్తువుతో పాటు సొంతదారు కూడా వచ్చేవాడు ఆ వీధి మొత్తానికి ఆయనొక్కడే.

ఈ షరతుల వానలో అందరికన్నా ఎక్కువ తడిసినవాడు ఆయన అల్లుడు. బళ్ళో లెక్కల మాస్టారు. పదకొండేళ్ళ కిందట, షరతులగారి అమ్మాయినే చేసుకుంటానని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండె చిక్కబట్టుకుని వచ్చాడు. షరతులగారు అంతా విని, "మీ అర్జీ అందింది. వారం రోజుల్లో తెలియజేస్తాం," అన్నారు. సరిగ్గా వారానికి టపాలో ఉత్తరం వచ్చింది. "మా అమ్మాయిని వివాహమాడుటకు ఈ దిగువ పన్నెండు షరతులకు లోబడి అనుమతించడమైనది."

ఒకటో షరతు: నిప్పంటుకున్నప్పుడు తప్ప ఉదయం ఏడింటి లోపల ఆమెని నిద్ర లేపరాదు. నాలుగు: ఆమెకి లెక్కలు నేర్పబూనరాదు. ఏడు: ఆమె వంట బాగోలేదని చెప్పదలిస్తే ముందు పూర్తిగా తిని ఆ తర్వాత చెప్పవలెను. ఇలా సాగింది. మాస్టారు నవ్వుకుంటూ కింద సంతకం పెట్టబోయి ఆగాడు. ఎనిమిది తర్వాత పది ఉంది. పన్నెండన్నారు, లెక్క పెడితే పదకొండే ఉన్నాయి.

"మావయ్యగారూ, తొమ్మిది మర్చిపోయారు."

షరతులగారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఉన్నవి పాటించండి అల్లుడుగారూ. చాలు."

అప్పట్నుంచీ మాస్టారికి అదొక ఆయుధమైపోయింది. మావయ్యగారు తన రాతకోతల గురించి కాస్త గొప్ప పోయారంటే చాలు, "ఎనిమిది తర్వాత ఎంతండీ?" అనేవాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకునేవారు. అత్తయ్యగారు వంటింట్లోంచి, "చాల్లే బాబూ, ఆ సంగతి వదిలెయ్," అనేవారు. పదకొండేళ్ళలో ఆ వేళాకోళం పాతబడలేదు, ఆ కళ్ళజోడు మురికీ వదల్లేదు.

ఇంతవరకూ అంతా నవ్వులాటే. ఆయన పదవీ విరమణకి ముందు రాసిన చివరి లైసెన్సుతో నవ్వు ఆగిపోయింది.

ఊరికి తూర్పున ఒక పాడుబడ్డ రాళ్ళ క్వారీ ఉంది. అందులో పెద్ద గొయ్యి తవ్వి, రేడియోధార్మిక వ్యర్థాల పీపాలు పాతిపెట్టుకోవడానికి ఒక కంపెనీకి లైసెన్సు ఇచ్చారు. క్వారీకి ముందు చివరి ఇల్లు పాలావిడది. ఆ ఇల్లు, వెనకాల కొట్టం, పదకొండు ఆవులు, ఒక బావి. అదే ఆవిడ ఆస్తి. ఇరవై ఏళ్ళుగా షరతులగారి వీధి మొత్తానికి పాలు పోస్తోంది. లైసెన్సు సంగతి పేపర్లో వచ్చింది, అడుగున షరతులగారి సంతకంతో సహా.

మర్నాడు పొద్దున్న షరతులగారు ఎప్పట్లాగే గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. పాలావిడ సైకిలు ఆపలేదు. కొంచెం ముందుకి వెళ్ళాక ఆగి, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"మీకింక పాలు లేవు సారూ."

"ఎందుకమ్మా?"

"ఆ పీపాలొచ్చాక మా బావి నీళ్ళు ఏమవుతాయో నాకు తెలీదు. మా ఆవులు తాగొచ్చా అని మీ ఆఫీసుకొచ్చి అడిగాను. మీరు కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, నేను చెప్పిందంతా రాసుకున్నారు. పెద్దమనిషనుకున్నాను. మరి సంతకం ఎలా పెట్టారు?"

షరతులగారు నోరు తెరిచారు. మళ్ళీ మూశారు. సైకిలు వెళ్ళిపోయింది. ఆయన ఖాళీ గిన్నె పట్టుకుని ఇంట్లోకి వచ్చారు.

అత్తయ్యగారు ఒంటికాలి మీద లేచారు. "ఏదో ఒకటి చెప్పొచ్చుగా! ఊరంతా మిమ్మల్నే ఆడిపోసుకుంటోంది. మీ తప్పు లేదని నాకు తెలుసు. మీ నోటికేమొచ్చింది?"

"విషయం కోర్టుకి వెళ్తోంది. ఫైలు సంగతులు ఫైలే చెప్పాలి, నేను బయట చెప్పరాదు. ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టిన కాగితం, నాలుగో షరతు."

"రిటైరయ్యారుగా!"

"ఆ షరతుకి రిటైర్మెంటు లేదు."

నిజమే, కోర్టుకి వెళ్ళింది. పాలావిడ, ఆ చివరి వీధివాళ్ళు నలుగురు కలిసి లైసెన్సు చెల్లదని కేసు వేశారు. వచ్చే నెల ఒకటో తారీఖున మొదటి లారీ వస్తుంది. ఒకసారి పీపా గోతిలోకి దిగిందంటే మళ్ళీ పైకి తీసే నాథుడు లేడు. విచారణ ఇరవైనాలుగున. ఆ ఒక్క రోజులో తేలిపోవాలి, బావి ఉంటుందో పోతుందో. ఈలోగా షరతులగారింట్లో పాలు లేని టీ నడిచింది. పక్క వీధి నుంచి పాలు తెప్పించుకోవచ్చు కదా అంటే, "ఆవిడ పోసేదాకా వద్దు," అని భీష్మించుకున్నారాయన.

ఆదివారం నాడు మాస్టారు, భార్యతో సహా అత్తవారింటికి వచ్చాడు. బస్సులో అరగంట దూరం. వచ్చేసరికి మావయ్యగారు వసారాలో నల్లటి టీ ముందు పెట్టుకుని, అదేదో మందులా చిన్న చిన్న గుక్కలు వేస్తున్నారు. బల్ల మీద ఆనాటి పేపరు ఉంది. వేళాకోళం చెయ్యడానికి కాబోలు, లైసెన్సులోని ఇరవై ఎనిమిది షరతులూ వరసగా అచ్చువేశారు. "షరతులు ఇరవై ఎనిమిది, జవాబులు సున్న" అని పైన పెద్దక్షరాలు.

మాస్టారికి కాగితం కనిపిస్తే దిద్దకుండా ఉండలేని జబ్బుంది. పెన్సిల్ తీసి ఒక్కో షరతు పక్కనా టిక్కు పెట్టుకుంటూ పోయాడు. పీపాల మందం, గోడల మందం, కాపలా, కంచె, పదిహేను, పదహారు, పద్దెనిమిది...

పక్కున నవ్వాడు. "మావయ్యగారూ! మళ్ళీ చేశారు! పదహారు తర్వాత పద్దెనిమిది! ఇరవై ఎనిమిదన్నారు, ఇరవై ఏడే ఉన్నాయి!"

షరతులగారు కళ్ళజోడు తీశారు. చొక్కా అంచు పట్టుకుని తుడవడం మొదలుపెట్టారు. తుడిచారు, తుడిచారు, తుడుస్తూనే ఉన్నారు. కళ్ళు మాత్రం అల్లుడి మొహం మీదే ఉన్నాయి.

మాస్టారి నవ్వు మెల్లగా తగ్గింది. గొడుగు కాగితం ఎన్ని సార్లు చూశాడు? నిచ్చెన కాగితం? కిరాణా జాబితాలకి కూడా నంబర్లు వేసే మనిషి. వాటిల్లో ఏనాడైనా అంకె తప్పిందా? తప్పలేదు. అలాంటి మనిషి ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో చివరి లైసెన్సులో, ఊరంతా చదివే దాంట్లో, అంకె మింగేస్తాడా?

"ఇది తప్పు కాదు," అన్నాడు నెమ్మదిగా.

షరతులగారు తుడవడం ఆపారు.

"పదిహేడు అక్కడ ఉండేది."

"ఫైలు సంగతులు నేను చెప్పరాదు అల్లుడుగారూ."

"మీరు చెప్పకండి. పేపర్లో అచ్చయిన అంకెలు లెక్కపెట్టడానికి ఫైలక్కర్లేదుగా? ఆ పాలావిడ దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టి చూపించనా? మీరు అనుమతిస్తే."

మాస్టారు ఆగాడు. ఇప్పుడు కాగితం వస్తుంది, నంబర్లు వస్తాయి, కనీసం పదిహేను షరతులైనా పడతాయని ఎదురుచూశాడు. షరతులగారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"వెళ్ళండి," అన్నారు.

"అంతేనా?"

"అంతే."

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడు. అత్తయ్యగారు పరుగెత్తుకొచ్చి భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

మాస్టారు వెళ్ళేసరికి పాలావిడ కొట్టం కడుగుతోంది. షరతులగారి అల్లుడినని చెప్పగానే చీపురు కింద పెట్టలేదు సరికదా, ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"ఏం చెప్పి పంపించారు?"

"ఏమీ చెప్పలేదమ్మా. నేను లెక్కల మాస్టార్ని. ఒక లెక్క చూపిద్దామని వచ్చాను." పేపరు విప్పి చూపించాడు. "పదిహేను నుంచి కిందికి చదవండి."

ఆవిడ తడి వేలు అంకెల మీద పెట్టుకుంటూ చదివింది. పదిహేను. పదహారు. వేలు ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"నా ఆవుల్ని లెక్కపెట్టుకుంటుంటే ఒకటి తక్కువొస్తే నేను అచ్చుతప్పు అనుకోను మాస్టారూ," అంది. "ఎవరు తోలుకుపోయారా అని వెతుకుతాను." చీపురు గోడకి ఆనించి, అప్పటికప్పుడే వాళ్ళ లాయరమ్మ దగ్గరికి సైకిలెక్కింది.

ఇరవైనాలుగున కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. మాస్టారు సెలవు పెట్టి వెళ్ళాడు. షరతులగారు అప్పటికే ఆఖరి బెంచీలో, గొడుగు రెండు మోకాళ్ళ మధ్యా నిలబెట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా కూర్చుని ఉన్నారు. మాస్టారు ఆయన పక్కనే సర్దుకున్నాడు. ఎదర ఇద్దరు న్యాయమూర్తులు. పెద్దావిడ మాట్లాడుతుంది, పక్కాయన ఎప్పుడూ ఏదో రాస్తుంటాడు.

పెద్దావిడ మొదటే చెప్పేసింది. "పీపా ఎంత మందం ఉండాలి, గోడ ఎంత మందం ఉండాలి అని మమ్మల్ని అడక్కండి. మేం శాస్త్రవేత్తలం కాదు. నిర్ణయం తీసుకున్నవాళ్ళు చూడాల్సినవన్నీ చూశారా, అడగాల్సినవాళ్ళని అడిగారా, కారణం రాశారా. మేం చూసేది ఇంతే."

ప్రభుత్వ లాయరు మొహం వెలిగిపోయింది. ఆ మాట తనకే లాభమనుకున్నాడు. నిపుణులు నిర్ణయించారు, కోర్టు తలదూర్చకూడదు అని రెండు గంటలు దంచాడు. చివరి ఇంటి బావి గురించి ఎవరూ ఏ అభ్యంతరమూ ఫైలుకెక్కించలేదు అని కూడా అన్నాడు. పాలావిడ పళ్ళు పటపట కొరికింది.

అప్పుడు లాయరమ్మ లేచింది. చాలా చిన్న గొంతు. "ఒక చిన్న సందేహమండీ. లైసెన్సు షరతుల్లో పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. పదిహేడు ఏమైంది?"

"అచ్చుతప్పు!" అన్నాడు ప్రభుత్వ లాయరు. "టైపు చేసేవాళ్ళకి అంకెలు జారిపోతుంటాయి. దానికి కోర్టు సమయం..."

పెద్దావిడ లైసెన్సు తిరగేసింది. పక్కాయన మొదటిసారి రాయడం ఆపి తల ఎత్తాడు. "ఫైలు తెప్పించండి," అంది పెద్దావిడ. "మొత్తం ఫైలు."

భోజనాల విరామం తర్వాత ఫైలు వచ్చింది. దాన్ని మోసుకొచ్చింది లైసెన్సుల కార్యాలయం ఫైళ్ళ గుమాస్తా. మాస్టారు బెంచీ అంచుకి జరిగాడు. ఆ ఫైల్లో ఏమీ లేకపోతే? నిజంగా అచ్చుతప్పే అయితే? వారం తిరగ్గానే లారీ.

పెద్దావిడ పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగింది. పైకే చదవసాగింది.

"షరతు పదిహేడు. మొదటి పీపా గేటు దాటకముందే, చివరి ఇంటి బావి నీటిని వానాకాలంలోను, చలికాలంలోను, ఎండాకాలంలోను పరీక్షించవలెను. ఫలితాన్ని ఆ ఇంటివారికి కుర్చీ వేసి కూర్చోబెట్టి, వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పవలెను. వారు అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు రాసి ఫైలులో ఉంచవలెను. ఆవులు ఆ నీరు తాగవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు తప్పక ఇవ్వవలెను."

పాలావిడ వెనక్కి తిరిగింది. షరతులగారు గొడుగు పిడిని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"లైసెన్సులో కుర్చీ ఏమిటండీ?" అని గొణిగాడు ప్రభుత్వ లాయరు.

"పొద్దుట్నుంచీ నిలబడే వాదిస్తున్నారు. కుర్చీ విలువ మీకు తెలియాలి," అంది పెద్దావిడ. "ఈ షరతు మీద ఎర్ర పెన్సిల్‌తో డైరెక్టరుగారు గీత కొట్టారు. పక్కన ఒక్కటే మాట రాశారు. 'అనవసరం.' ఎందుకు అనవసరం?"

లాయరు తన కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు.

"కింద నీలం సిరాతో ఇంకో వాక్యం ఉంది. 'ఆదేశం మేరకు తొలగించడమైనది. ఈ సంఖ్యను మరొక షరతుకు ఇవ్వలేదు.' ఇదేమిటి? మిగతావాటికి నంబర్లు సరిచేసుకోవచ్చుగా?"

గుమాస్తా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అది మా ఆఫీసు పద్ధతమ్మా. ఒకసారి ఒక షరతుకి నంబరిస్తే, దాన్ని కొట్టేసినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వం. ఖాళీగానే ఉంచుతాం. ఆ పీపాలు మూడొందల ఏళ్ళుంటాయి. అప్పుడెవరో వచ్చి చదివితే, ఇక్కడ ఏదో ఉండేది, తీసేశారు అని వాళ్ళకి తెలియాలి కదమ్మా. నేను చేరిన రోజున పెద్దాయన నేర్పారు." ఆఖరి బెంచీ వైపు చూశాడు. "డైరెక్టరుగారు వేరే శాఖ నుంచి కొత్తగా వచ్చారు. వారికి తెలీదు."

డైరెక్టరుగారు షరతుని కొట్టేశారు గానీ, దాని వెనకాల మిగిలిన గుంటని చూసుకోలేదు. మాస్టారికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతలోనే ఇంకోటి తట్టింది. కొట్టేసిన షరతు నంబరు ఇంకోదానికి ఇవ్వరు. ఖాళీగా ఉంచుతారు. ఎనిమిది తర్వాత పది. అయితే తన పెళ్ళి ఉత్తరంలో తొమ్మిదో షరతు ఒకటుండేదన్నమాట! ఏం రాశారు? దాన్ని ఎవరు కొట్టేశారు? తన గురించి ఏం ఘోరం తెలిసి ఉంటుంది ఈ మనిషికి?

తీర్పు అక్కడికక్కడే చెప్పేశారు. కారణం లేకుండా షరతు తీసేసిన నిర్ణయం నిలబడదు. లైసెన్సు ఆగిపోయింది. బావిని మూడు కాలాల్లోనూ పరీక్షించాలి, చివరి వీధివాళ్ళ మాట వినాలి, ఆ తర్వాత మళ్ళీ మొదట్నుంచి నిర్ణయం తీసుకోవాలి. "ఇవ్వమనీ చెప్పం, వద్దనీ చెప్పం," అంది పెద్దావిడ. "అడిగి, ఆలోచించి, కారణం రాసి ఏదైనా చెయ్యండి. ఒకటో తారీఖున లారీ మాత్రం రాదు."

పాలావిడ అక్కడే, బెంచీ మీదే, భోరుమని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వేసింది కూడా. మాస్టారు అప్పటిదాకా బిగబట్టుకున్న ఊపిరి వదిలాడు. పక్కన షరతులగారి భుజాలు కూడా ఒక అంగుళం కిందికి దిగడం చూశాడు.

బయటికొచ్చేసరికి వాన. కోర్టు మెట్ల మీద పాలావిడ కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. షరతులగారు గొడుగు తెరిచి ఆవిడ చేతికిచ్చారు.

"షరతులేమైనా ఉన్నాయా సారూ?"

"ఒక్కటే. వాన కురుస్తుండగా తిరిగి తీసుకురావద్దు."

ఆవిడ గొడుగు వేసుకుని వెళ్ళిపోయింది. మావయ్యగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని వానలోకి దిగారు. అప్పుడు గానీ లెక్కల మాస్టారి బుర్రకి ఎక్కలేదు. వానలో గొడుగు తిరిగి ఇచ్చేస్తే, అరువు తీసుకున్నవాడు ఇంటికి తడుస్తూ వెళ్ళాలి. అందుకే ఆ షరతు! నిచ్చెన దగ్గర పట్టుకునే మనిషి లేకపోతే పైకెక్కినవాడు పడిపోతాడు. అందుకే ఆ షరతు! పదకొండేళ్ళుగా నవ్వుకున్న ఒక్కొక్క షరతూ గుర్తు తెచ్చుకున్నాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా ఇచ్చేవాడి మేలు కోసం పెట్టింది కాదు. అతనికి సిగ్గేసింది, ఆ ముసలాయన మీద ప్రేమా పొంగుకొచ్చింది. తను కూడా తడుస్తూనే ఆయన పక్కన నడిచాడు.

మర్నాడు పొద్దున్న ఆకాశం తేటగా ఉంది. సైకిలు గేటు దగ్గర ఆగింది. పొడి గొడుగు, నిండు గిన్నె.

"నాదీ ఒక షరతుంది సారూ," అంది పాలావిడ. "ఆ పరీక్షలవాళ్ళు వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు, పక్క కుర్చీలో మీరుండాలి. వాళ్ళు చెప్పేది నాకు అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించాలి."

ముప్పై ఎనిమిదేళ్ళలో షరతులగారికి ఎదురు షరతు పెట్టిన మొదటి మనిషి ఆవిడ. ఆయన మొహం చాటంత అయింది. జేబులోంచి కలం తీసి రాసుకున్నారు.

ఆ తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తే అందరి ప్రాణాలూ కుదుటపడతాయి. బావి నీళ్ళు బంగారంలా ఉన్నాయి, ఆవులు నిక్షేపంగా తాగుతున్నాయి. కానీ వానాకాలం పరీక్షలో ఇంకోటి తేలింది. క్వారీలో పడ్డ నీరు ఊరి ఊరి ఆ బావి వైపే వస్తుందట. దాంతో క్వారీ మాట వదులుకుని, చుట్టుపక్కల ఏ బావీ లేని రాతి నేల ఒకటి వెతుక్కున్నారు. అక్కడి లైసెన్సులో పదహారు తర్వాత పదిహేడే ఉంది.

అయితే అదంతా ఏడాది మాట. ఆ పొద్దున్న, పాలు పోసిన నిజమైన టీ తాగుతూ, మాస్టారు ఇంక ఉండబట్టలేకపోయాడు. రాత్రంతా అత్తవారింట్లో పక్క మీద దొర్లుతూ దాని గురించే ఆలోచించాడు.

"మావయ్యగారూ. ఎనిమిది తర్వాత ఎంతండీ?"

ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు. షరతులగారు కళ్ళజోడు తీయబోయి మానేశారు. లేచి లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చారు. అమ్మాయి పెళ్ళికీ ఒక ఫైలుంది మరి. చిత్తుప్రతి తీసి అల్లుడి చేతిలో పెట్టారు. తొమ్మిదో షరతు మీద ఎర్ర పెన్సిల్ గీత, పక్కన ఒక్కటే మాట. "అనవసరం." ఆ చేతిరాత అత్తయ్యగారిది.

గీత కింద అక్షరాలు చక్కగానే కనబడుతున్నాయి. "అమ్మాయికి, అల్లుడికి మాటా మాటా వచ్చి అల్లుడు ఇల్లు వదిలి వచ్చినచో, ఈ ఇంటి మేడ మీది గది అతనికి ఎల్లవేళలా తెరిచి ఉండవలెను. కారణం అడగరాదు."

మాస్టారు దాన్ని రెండోసారి చదివాడు. ఈ పదకొండేళ్ళలో పెళ్ళాంతో పోట్లాడి విసురుగా బస్సెక్కి ఇక్కడికి రావడం మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ మావయ్యగారు ఏమీ అడగలేదు. "అల్లుడుగారూ, మేడ మీద ఫ్యాను సరిగ్గా తిరుగుతోందో లేదో కాస్త చూసి రండి," అనేవారంతే. చూద్దామని వెళ్తే అక్కడ ఉతికిన దుప్పటీ, కూజాలో మంచినీళ్ళూ ఉండేవి. ఫ్యాను కింద నడుం వాల్చి లేచేసరికి కోపం ఎటో పోయి ఉండేది. ఆ ఫ్యాను ఏనాడూ పాడవలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

"కొట్టేసిన షరతుని మీరు అమలు చేశారా మావయ్యగారూ?"

"నంబరు ఖాళీగా ఉందిగా," అన్నారు షరతులగారు.

మాస్టారు వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. "అత్తయ్యగారూ! కారణం రాయకుండా షరతు కొట్టేస్తే చెల్లదు! కోర్టు నిన్ననే చెప్పింది!"

"కారణమెందుకు లేదు?" అత్తయ్యగారు గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చారు. "మగవాడికి పారిపోయే దారి పెళ్ళి ఉత్తరంలోనే రాసిస్తారా ఎవరైనా? అందుకే కొట్టేశాను. ఆ గదిలో దుప్పటి ఎవరు ఉతుకుతున్నారనుకున్నావు మరి? మీ మావయ్యా?"

మామా అల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

"అయితే తొమ్మిదిని మళ్ళీ పెట్టించండి అత్తయ్యగారూ. నా అర్జీ."

అత్తయ్యగారు గరిటె గాలిలో ఆపి కాసేపు ఆలోచించారు. "సరే, పెట్టుకోండి. కానీ ఒక షరతు. ఈసారి పోట్లాడి వచ్చేటప్పుడు మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని రా."

షరతులగారు అప్పటికే ఫైల్లోంచి అల్లుడు సంతకం పెట్టిన ఉత్తరం బయటికి తీసి, కలం మూత తీసేశారు. ఎనిమిదికీ పదికీ మధ్య పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న చోట, ముత్యాల్లాంటి అక్షరాలతో, తొమ్మిది అని నంబరు వేసి రాయడం మొదలుపెట్టారు.